ఆటలో మెట్టు, ఆటలో నాణెము

(చెవిటికల్లు గ్రంథాలయమున చేసిన యుపన్యాసము)



గ్రంథాలయ సేవకులముగా మీ గ్రామమునకు వచ్చినప్పుడెల్ల పుస్తకములను గూర్చియో, పౌరుల హక్కులను గూర్చియో, భూమి తగవులను గూర్చియో నాలుగు మాటలు చెప్పి పోవుట మాకు వాడుక. ఈ సాయంకాలము సెల్‌ఫోనులోని యాటలను గూర్చి మాటలాడవలసినదని మీ గ్రంథాలయ సంఘమువారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. నలువది యేండ్లు దాటిన న్యాయవాదికి పిల్లల యాటలతో నేమి పనియని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని సంగతి నవ్వులాటగా లేదు. ఈ యూరి యరుగులమీద, కంచికచర్లలో బస్సుకొఱకు నిలుచుచోట, నందిగామ కోర్టు వరండాలో, ఎచ్చట చూచినను పడుచువారు తలలు వంచి వ్రేళ్లు కదల్చుచున్నారు. ప్రొద్దు పాడుచేయుచున్నారని పెద్దలు విసుగుకొనుచున్నారు. వారందు ఏమి సంపాదించుచున్నారో, ఏమి పోగొట్టుకొనుచున్నారో కూర్చుండి విచారించినవారు మాత్రము అరుదు.

మీ సంఘములో రెండు పక్షములున్నవని వింటిమి. సెల్‌ఫోను గ్రంథాలయపు గడప త్రొక్కరాదని పెద్దల పక్షము. వారమున కొకనాడైన ఆటల పోటీలు పెట్టినగాని పడుచువారు ఈ వంక చూడరని యువకుల పక్షము. నడుమ తీర్పు చెప్పుమని మమ్ము పిలిచినారు. తీర్పు చెప్పుట న్యాయమూర్తి పని. వాదించుట మా వృత్తి. అయినను ఈ యొక్కసారికి ఉభయపక్షముల వకాల్తాయు మేమే పుచ్చుకొని, తుదకు మా మనసులోని మాటయు చెప్పెదము.

మొదట మా యనుభవములోని యొక సంగతి వినుడు. ఊరును పేరును చెప్పము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యువకుడు తండ్రిని వెంటబెట్టుకొని మా యాఫీసుకు వచ్చెను. చేతిలో మూడు ప్రామిసరీ నోట్ల నకళ్లు. ప్రత్తి యమ్మిన సొమ్మును, దానిపై తెచ్చిన యప్పును సెల్‌ఫోనులోని రమ్మీ యాటలో పోగొట్టుకొనినాడు. ఎనిమిది నెలలు వరుసగా సొమ్ము పోవుచుండగా ఏల మానలేదని యడిగితిమి. అతడు మాఱుపలుకక ఫోను తీసి చూపెను. అతని పేరు ప్రక్కన ఒక బంగారు నక్షత్రము వెలుగుచుండెను. అందఱికంటె క్రింది మెట్టున చేరితిననియు, ఎనిమిది నెలలలో నాలుగవ మెట్టెక్కితిననియు, ఐదవదియు నెక్కినచో పెద్ద యాటగాండ్రలో నొకడ నగుదుననియు చెప్పెను. తాను నానాటికి నేర్పరి యగుచున్నానని యతని నమ్మకము.

మేము ఆ యాట నియమములను ఒప్పందపత్రము చదివినట్లు చదివితిమి. సన్నని యక్షరములలో అసలు సంగతి యున్నది. ఆ మెట్టు గెలుపువలన పెరుగునది కాదు. ఓటమివలన తఱుగునదియు కాదు. ఆటగాడు మొత్తముమీద ఎంత సొమ్ము పందెమొడ్డెనో దానినిబట్టి పెరుగునది. ఆ నక్షత్రము అతని నేర్పునకు కొలత కాదు; అతని యప్పునకు కొలత.

ఆ పిల్లవానిలో దురాశ బొత్తిగా లేదని మేమనము. కాని ధనాశకంటె బలమైనది మఱియొకటి యతనిలో నుండెను. నిన్నటికంటె నేడు ఒక మెట్టు పైన నుండవలెను, ఆ సంగతిని నలుగురు గుర్తింపవలెను అను కోరిక యది. అది దుర్గుణము కాదు. బడికి పోవు బాలుని, మగ్గము ముందు కూర్చున్న నేతగానిని, వేకువను లేచి సాధన చేయు గాయకుని నడిపించునది అదియే. ఆ యాట పెట్టినవారు ఆ సద్గుణమునే ఎరగా గ్రుచ్చిరి. కావున ఆట మంచిదా చెడ్డదా యని తగవులాడుటకంటె ఈ రెండు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఆటలోని మెట్టు దేనిని కొలువవలెను? ఆటలోని నాణెము ఎచ్చట పుట్టి యెచ్చటికి పోవలెను? వీనికి సరియైన జవాబు దొరకినచో ఆట ఇప్పటికంటె రుచికర మగును, కీడును తగ్గును.

మెట్టు సంగతి మన సీమవారికి క్రొత్త కాదు. పండుగలకో తిరునాళ్లకో జరుగు ఎడ్ల బండలాగుడు పోటీని తలచుకొనుడు. పాలపండ్ల యెడ్లకు ఒక విభాగము. రెండు పండ్లవానికి ఒకటి. నాలుగు పండ్లవానికి, ఆరు పండ్లవానికి వేఱువేఱు. ఆపైని జూనియర్లు, సీనియర్లు. విభాగము పెరిగినకొలది బండ బరువు పెరుగును. పెట్టిన గడువులో బండ ఎన్ని యడుగులు కదలినదో కొలిచి, అందఱు వినునట్లు మైకులో చెప్పుదురు. ఇందలి న్యాయ మెంత చక్కనిదో చూడుడు. పాలపండ్ల కోడెను సీనియర్ల బండకు కట్టి నడుము విఱువరు. సీనియరు జతను చిన్నబండకు కట్టి చప్పట్లు కొట్టరు. బలమునకు తగిన బరువు, బరువునకు తగిన గౌరవము. లక్షలు పోసి మేలుజాతి జతను కొనువారు లేకపోలేదు; అయినను కొన్నవాని యెడ్లును బండను లాగవలసినదే. లాగని యడుగులను రొక్కమిచ్చి లెక్కలో వ్రాయించుకొనుటకు వీలులేదు.

ఇట్టి న్యాయమునే లెక్కలలో బిగించి చూపిన యాట చదరంగము. కృష్ణాజిల్లా గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి 2002లో తన 15వ యేట గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందెను. అంత చిన్నవయసున ఆ బిరుదు పొందిన స్త్రీ అంతకుముందు లోకమున లేదు. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచ విజేత యయ్యెను. ఆ బిరుదునకు మామూలు నియమము రెండు మాటలలో చెప్పవచ్చును. పెద్ద పోటీలలో మూడు మాఱులు నిర్ణీత ప్రమాణము నందుకొనవలెను. రేటింగు 2500 చేరవలెను. ఏ కోటీశ్వరుడును తన పెట్టె తెఱచి దానిని కొనలేడు.

ఆ రేటింగు పద్ధతిని ఆర్పాడ్ ఎలో అను ఆచార్యుడు కల్పించెను. ప్రపంచ చదరంగ సమాఖ్య దానిని 1970లో స్వీకరించెను. అది నడచు తీరు మన యందఱికి తెలియదగినది. స్థిరపడిన ఆటగాండ్రలో సమానులైన ఇద్దఱాడినపుడు గెలిచినవానికి 10 పాయింట్లు చేరును. ఓడినవానికి 10 పోవును. తనకంటె 400 పాయింట్లు తక్కువవానిని గెలిచినచో ఇంచుమించుగా 2 మాత్రమే చేరును. అట్టివాని చేతిలో ఓడినచో 18 పోవును. కావున చిన్నవానిని కొట్టి పెద్దవాడనిపించుకొనుటకు దారి లేదు. పెద్దవానితో తలపడినవానికే లాభము. క్రొత్తగా చేరినవానికి లెక్క రెట్టింపుగా కట్టుదురు, కాన అతడు తన తగిన చోటికి త్వరగా చేరును. 2400 దాటినవానికి సగముగా కట్టుదురు, కాన ఒకనాటి యదృష్టము అతనిని ఆకాశమున కెత్తదు. ఈనాడు సెల్‌ఫోనులో చదరంగమాడు పల్లెటూరి బాలునికిని ఇట్టి లెక్కలతోడనే రేటింగు లభించుచున్నది. ఫ్రాన్సు దేశమున ధర్మసంస్థగా నడుచుచున్న లీచెస్ అను వేదికలో రుసుము లేదు, ప్రకటనలు లేవు. మెట్టు నిజమైనపుడు దానిని రుచికరము చేయుటకు బంగారు పూత యక్కఱలేదని దీనివలన తేలుచున్నది.

అన్ని యాటలును చదరంగము వంటివి కావు. ఆన్‌లైనులో లక్షలమంది యొక్కచోట చేరి, ఒక కల్పితలోకమున వృత్తులు నేర్చి, వర్తకము చేసి, కోటలు కట్టు నాటలు కలవు. మేమును విజయవాడలో చదువుకొను దినములలో, గంట కింతయని యద్దె యిచ్చి, ఇంటర్నెట్టు సెంటరులో కూర్చుండి రూన్‌స్కేప్ అను ఆట ఆడినవారమే. అది 2001లో ఇంగ్లండు దేశమున పుట్టినది. కట్టెలు కొట్టుట, చేపలు పట్టుట, వంట, గనిపని, కమ్మరము మున్నగు పనులలో ఒకటవ మెట్టునుండి 99వ మెట్టు వఱకు ఎక్కవలెను. రెండవ మెట్టునకు 83 పాయింట్లు చాలును. 99వ దానికి 1,30,34,431 కావలెను. వింత యేమన, 92వ మెట్టు 65,17,253 పాయింట్లకే వచ్చును. అనగా 92 మెట్లెక్కినవాడు ఇంచుమించు సగము దారిలోనే నిలిచియున్నాడు.

మొదటి మెట్లు దగ్గఱగా నుండుట మంచిదే. అన్నప్రాశననాడే ఆవకాయ పెట్టరాదు గదా! కాని పైమెట్లలో మాకొక లోపము కనబడెను. చెట్టొకటే, గొడ్డలి యొకటే, దెబ్బయు నొకటే. ఇట్టి పని ఓపికను కొలుచును, నేర్పును కొలువదు. మాకు ఓపిక చాలలేదు. ఒక స్నేహితునికి సొమ్మిచ్చి మా పేర కట్టెలు కొట్టించితిమి. వారము దినములలో కోరిన మెట్టు వచ్చెను. ఆనాటినుండి ఆ యాట మాకు చప్పబడినది. తిరిగి దానిని తెఱవలేదు. ఎవ్వరును మమ్ము పట్టుకొనలేదు, శిక్షింపలేదు. అయినను మా సరదాను మేమే అమ్ముకొంటిమని తెలియుటకు చాలదినములు పట్టెను. కొన్న మెట్టు కొన్నవానికే పనికిరాదు.

ఆటలు తయారుచేయువారు దీనినుండి నేర్వవలసిన దొకటి కలదు. మెట్లను దగ్గఱ చేసినంతమాత్రమునను, దూరము చేసినంతమాత్రమునను ఫలము లేదు. ప్రతి మెట్టును ఒక క్రొత్త సామర్థ్యమునకు తలుపు తీయవలెను. సంగీతము నేర్పు గురువును చూడుడు. సరళీస్వరముల తరువాత జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణము, కీర్తన. సరళీస్వరములనే వేయిమాఱులు పాడించి వర్ణము వచ్చినదని ఏ గురువును చెప్పడు. అట్లే ఆటలో పదవ మెట్టువాడు తొమ్మిదవ మెట్టువానికంటె ఎక్కువసేపు కొట్టినవాడు గాక, వాడు చేయలేనిదానిని చేయగలవాడై యుండవలెను. తుది మెట్లలో క్రొత్తవారికి నేర్పుటయే పరీక్షగా పెట్టినచో మఱింత మంచిది. నేర్పినవాని నేర్పు ఇనుమడించుననుట మన గురువులందఱు ఎఱిగిన మాట.

ఇక నాణెము. కల్పితలోకములో రాక్షసుని చంపిన ప్రతిమాఱును నాణెములు రాలును. ఆ నాణెములు ఎవరి ఖజానా నుండియు రావు, శూన్యమునుండి పుట్టును. లక్షలమంది రాత్రింబవళ్లు రాక్షసులను చంపుచుండ నాణెములు పెరుగుచునే యుండును. ధరలు మిన్నుముట్టును. నిన్న చేరిన వానికి కత్తి కొనుటకును శక్తి చాలదు. పదియేండ్లనాటి వాని మూటకు విలువ యుండదు. చెరువుల మీద బ్రదికిన మన మెట్టసీమకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. వాగు మాత్రమే యుండి తూమును అలుగును లేని చెరువు గట్టు నిలువదు.

అందుచేత తెలిసిన ఆటలవారు తూములు పెట్టుచున్నారు. ఈవ్ ఆన్‌లైన్ అను ఆటను నడుపు ఐస్లాండు కంపెనీవారు తమ కల్పితలోకపు ధరలను పరిశీలించుటకు 2007లో ఒక అర్థశాస్త్ర పండితునే నియమించుకొనిరి. రూన్‌స్కేప్ పాత రూపమును 2013లో తిరిగి తెఱచినపుడు, క్రొత్త మార్పులను ఆటగాండ్ర ఓటునకు పెట్టు నాచారము కల్పించిరి. ఆ యాటలోనే 2021లో సంత యమ్మకములపై నూటికి 1 చొప్పున పన్ను వేసి, ఆ సొమ్ముతో ఎక్కువైన వస్తువులను కొని నశింపజేయసాగిరి. పాలింపబడువారిని అడిగి పాలించుట ఆటలోకమునకు కూడ మేలే చేసినదన్నమాట.

కాని తూము ఎట్టిదై యుండవలెనన్నది ముఖ్యము. కత్తి విఱిగినదని జుల్మానా, పడవ యెక్కినందులకు సుంకము, ఇట్టివే యున్నచో ఆటగానికి శిస్తు కట్టినట్లే యుండును గాని సంతోషముండదు. ఊరిలో రామాలయమునకు రాతిస్తంభ మెత్తించినవానికి సొమ్ము పోయినదను విచార ముండునా? ఆటలోను అట్లే. పదిమంది దాటు వంతెన కట్టుట, పోటీకి బహుమానము పెట్టుట, క్రొత్తవారికి పనిముట్లు పంచుట, తన పేర ఒక తోట నాటుట, ఇట్టి వ్యయములు కల్పించినచో నాణెము సంపాదించుటయు రుచించును, వెచ్చించుటయు రుచించును. ఎందుకు సంపాదించుచున్నామో తెలిసిననాడు సంపాదన బరువు గాదు.

ఆట నాణెమునకును జేబులోని రూపాయికిని గల సంబంధము ఇంతకంటె చిక్కైనది. మన జగ్గయ్యపేట పూర్వము నైజాము రాజ్యపు సరిహద్దునుండిన యూరు. ఆవలివైపున హాలీ సిక్కా, ఈవలివైపున సర్కారు రూపాయి. మన పొరుగుననే యున్న పరిటాల యైతే పూర్వము నైజాము ఏలుబడిలోనిదే. రెండు నాణెములున్నను మోసమునకు చోటు తక్కువ. ఇంచుమించుగా హాలీ రూపాయలు 7, సర్కారు రూపాయలు 6 అను లెక్క వర్తకులకు కంఠస్థము. నేటి సెల్‌ఫోను ఆటలలో అట్టి తిన్నని లెక్క దుర్లభము. ఫ్రీ ఫైర్ అను ఆటలో సొమ్మిచ్చి కొనవలసిన నాణెమునకు డైమండు అని పేరు. ఒకప్పుడు నిజమైన వజ్రములు త్రవ్విన పరిటాల ప్రక్కననే మన పిల్లలు ఆ డైమండ్ల బేరమాడుచుండుట చూచి మేము నవ్వవలెనో విచారింపవలెనో తెలియకున్నాము. ఇట్టి యాటలలో నాణెములను కట్టలుగా అమ్ముదురు. వస్తువుల ధర ఆ కట్టలకు సరిపడదు. ఎప్పుడును కొంత మిగిలియుండును, లేదా కొంత తక్కువపడును. తానెన్ని రూపాయలు వెచ్చించుచున్నాడో పిల్లవానికి తెలియదు. కావున ప్రతి వస్తువు ప్రక్కన రూపాయల ధర వ్రాయుట న్యాయమని మా యభిప్రాయము.

సొమ్మిచ్చి బలమునే కొనుటకు వీలుకల్పించినచో ఏమగునో రెండు నిదర్శనములు చాలును. 2012లో వెలువడిన డయాబ్లో మూడవ యాటలో, ఆటగాండ్రు ఆయుధములను నిజమైన సొమ్మునకు ఒకరికొకరు అమ్ముకొను నంగడిని కంపెనీవారే తెఱచిరి. శత్రువును గెలిచి ఆయుధము సంపాదించుటయే ఆ యాటకు ప్రాణము. అంగడిలో సులభముగ దొరకునపుడు గెలువనేల? ఆట ప్రాణమునకే హాని కలుగుచున్నదని ఒప్పుకొని, 2014 మార్చి 18న కంపెనీవారే దానిని మూసివైచిరి. 2017 నవంబరులో స్టార్‌వార్స్ కథతో వెలువడిన మఱియొక యాటలో ప్రసిద్ధ పాత్రలను పొందుటకు చాలగంటలు శ్రమపడవలెను, లేదా సొమ్మిచ్చి అదృష్టపు పెట్టెలను కొనవలెను అని పెట్టగా, ఆటగాండ్రలో కలిగిన కోపమునకు వెఱచి విడుదలకు ముందే ఆ యమ్మకమును నిలిపిరి. మఱుసటి సంవత్సరము బెల్జియము ప్రభుత్వము అట్టి పెట్టెలు జూదమే యని తేల్చినది.

అయినచో ఆటలు తయారుచేయువారు ఏమి తిని బ్రదుకవలెనని యువకులు మమ్మడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. చిత్రములు గీయువారికి, సంగీతము కూర్చువారికి జీతములు కావలెను. ఆటను వెలకట్టి యమ్మవచ్చును. వేషములను, రంగులను అమ్మవచ్చును. మన పద్యనాటకమువారిని చూడుడు. కిరీటము అద్దెకు దొరకును. గొంతు అద్దెకు దొరకదు. కిరీటములను అమ్ముకొనుడు, ఎవరును కాదనరు. గొంతు అమ్మెదమనిన మాత్రము ప్రేక్షకుడు లేచిపోవును.

న్యాయవాదులము గనుక చట్టమును గూర్చి రెండు మాటలు. సికింద్రాబాదులోని యొక క్లబ్బు కేసులో సుప్రీము కోర్టు ఇచ్చిన తీర్పు 1968 నాటి రిపోర్టులలో నున్నది. పేకలను గుర్తుంచుకొనుట, పట్టుట, విడుచుట మొదలగువానిలో నేర్పు ప్రధానము గావున రమ్మీ కేవలము అదృష్టపు టాట కాదని యందు చెప్పిరి. పందెపు టాటవలన క్లబ్బు యజమాని లాభము తీయుచున్నచో అది నేరము కావచ్చునని కూడ ఆ తీర్పులోనే యున్నది. మొదటి మాటను లోకమంతయు పట్టుకొనినది. రెండవ మాటను చాలమంది మఱచిరి. ఆన్‌లైను రమ్మీ వ్యాపారములు నేర్పు అను మాటను గొడుగుగా పట్టి పెరిగినవి. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను తమ జూద నిషేధ చట్టములను సవరించి వానిని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి, నేర్పు, అదృష్టము అను భేదము లేకయే, సొమ్ము పందెమొడ్డు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధ్యములుగా నిర్ణయించినది. పందెములేని యాటలను, ఈ-స్పోర్ట్సును ప్రోత్సహింపవలెనని అదే చట్టమున చెప్పినది. దానిని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీము కోర్టునకు చేరినవి. చట్టము సంగతి న్యాయస్థానములు చూచుకొనును. మనము లెక్క చూతము.

సమానమైన నేర్పుగల ఆర్గురు చెఱి 100 రూపాయలు వేసి రమ్మీ యాడిరనుకొనుడు. మొత్తము 600. నడుపువారు నూటికి 10 తీసికొందురనుకొనుడు. గెలిచినవానికి 540 వచ్చును. ఆరాటలలో ఒక్కొక్కడు ఒక్కొక్కమాఱు గెలిచినను, ప్రతివాడును 600 పెట్టి 540 పుచ్చుకొనును. ఆర్గురును 60 చొప్పున నష్టపడుదురు. ఎవ్వరును మోసము చేయలేదు, పేక కలుపుటలో తప్పులేదు. అయినను ఆర్గురును ఓడిరి. సరితూగినవారితో ఆడువానికి ఎంత నేర్పున్నను దారి నష్టమునకే. ఇట్టి చోట నాలుగవ మెట్టునకు బంగారు నక్షత్ర మిచ్చుటకంటె క్రూరమైన పరిహాసము వేఱొకటి యుండునా?

ఇప్పుడు ఉభయపక్షములకును మా మాట. పెద్దలారా! నిషేధము చేతిలోని ఫోనును లాగుకొనగలదు గాని మనసులోని కోరికను లాగుకొనలేదు. మెట్టెక్కవలెనను కోరికకు మంచి నిచ్చెన చూపనిచో చెడ్డ నిచ్చెన దానంతట అదే దొరకును. అరుగులమీద పేకాట మనము ఫోనులు రాకముందే యెఱుగుదుము గదా! యువకులారా! ఆట మీ స్వేచ్ఛ యందురు. స్వేచ్ఛయే. కాని మీ మెట్టును ఇంకొకడు మీ జేబునుబట్టి నిర్ణయించుచున్నంతకాలము అది స్వేచ్ఛ కాదు, పాలేరుతనము.

కావున మా సూచన యిది. చదువుగదిలో ఫోను మ్రోగరాదు. ఆ నియమము నిలువనిండు. కాని శనివారము సాయంకాలము వరండాలో చదరంగము పెట్టుడు, బల్లమీదను ఫోనులోను కూడ. గోడమీద నల్లబల్ల కట్టి, ఇందాక చెప్పిన లెక్క ప్రకారము ప్రతి యాటగాని రేటింగును సుద్దతో వ్రాయుడు. దీనితోపాటు గ్రంథాలయపు చీటి యొకటి కల్పింపుడు. అదియే మీ నాణెము. చినిగిన పుస్తకమునకు అట్ట వేసినవానికి ఒకటి, చదువురాని యవ్వకు అర్జీ చదివి వినిపించినవానికి ఒకటి, క్రొత్తవానికి ఎత్తులు నేర్పినవానికి రెండు. ఆ చీట్లు కూడబెట్టినవారికి తరువాత కొనవలసిన పుస్తకమును ఎన్నుకొను హక్కు ఇండు. చీటిని రూపాయలకు అమ్మరాదు. చీటితో రేటింగు కొనరాదు. ఉగాదినాటికి వాడని చీట్లు చెల్లవు. కాన ఎవ్వరును దాచి ధనికులు కారు. పెట్టుబడి సుద్దముక్క, కాగితము.

కంచికచర్ల ఇంజనీరింగు కళాశాలకు పోవు పిల్లలు ఈ సభలో నున్నారు. రేపు మీలో కొందఱు ఆటలు తయారుచేయుదురు. మీకును, ఆడువారికిని మూడే ప్రశ్నలు. ఈ మెట్టు నేర్పువలన పెరుగునా, ఖర్చువలన పెరుగునా? ఈ వస్తువు వెల రూపాయలలో ఎంత? ఈ యాటను రేపు మానినచో నాతో మిగులున దేమి? ఈ మూటికి తలయెత్తి జవాబు చెప్పగల యాటను ఆడుడు, చేయుడు.

మా యాఫీసుకు వచ్చిన ఆ యువకుని సంగతి చెప్పి ముగించెదము. నోట్ల వ్యవహారమును మధ్యవర్తుల మూలమున వాయిదాలకు ఒప్పించితిమి, తండ్రీకొడుకులు తీర్చుకొనుచున్నారు. ఆ దినమున లేచిపోవుచు, గుమ్మము కడ నిలిచి, అతడు మమ్మొక ప్రశ్న యడిగెను. “ప్లీడరుగారూ, ఇంతకును నేను రమ్మీ బాగుగా ఆడుదునా, ఆడనా?” ఎనిమిది నెలలు, మూడు నోట్లు, ఒక బంగారు నక్షత్రము, అయినను ఆ సంగతి యతనికి తెలియదు. మాకును తెలియదు. అతని నేర్పును ఆ యాటలో ఎవ్వరును ఎన్నడును కొలిచి యుండలేదు.

ఈ గ్రంథాలయపు నల్లబల్లమీద వ్రాయు అంకె చిన్నదే కావచ్చును. కాని అది నిజమైన యంకె కావలెను. మీ పిల్లలు ఇట్టి ప్రశ్న యడిగిన దినమున జవాబు చెప్పుటకు మీకొక సుద్దముక్క యుండవలెనని మా మనవి.